సంచిలో వస కొమ్ము

పోయిన వారం మనం సారలమ్మను ఇప్పపువ్వు గోదాం గడప మీద వదిలి వచ్చాం. కూర్చుని ఉందని చెప్పామేమో, అది మర్యాదకు అన్న మాట. కూలబడి ఉంది పాపం.

కథ మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు మాటలు. భోపాల్‌పట్నం నుంచి లోపలికి, ఇంద్రావతి నది దగ్గరి ఆ చిన్న అడవి ఊళ్లో ఆడవాళ్లంతా సమూహంగా కూడారు. చెట్ల కింద వలలు కట్టి, నేల తగలకుండా ఇప్పపువ్వు పట్టి, ఎండబెట్టి, స్కాట్లాండ్‌లో చిన్న బేకరీ నడుపుకునే ఫియోనా అనే ఆమెకు పంపారు. ఫియోనా ఆ పువ్వు పొడితో బిస్కెట్లు చేసింది. తిన్నవాళ్లకు వాంతులు పట్టుకున్నాయి. అందరికంటే ఎక్కువ తిన్నది ఆమె సొంత కూతురు ఇస్లా. అమ్మ చేసిన బిస్కెట్లు కదా, అడ్డేముంది? ఇప్పుడా పసిపిల్ల ఆస్పత్రిలో ఉంది. పువ్వుకు పురుగుమందు తగిలిందేమోనని డాక్టర్ల అనుమానం. ఈ కబురు మోసుకొచ్చినవాడు హరిబాబు, విదేశాలకు సరుకు పంపే సంస్థ తరఫున ఈ ఊళ్లు చూసే మనిషి. సమూహానికి పెద్ద అయిన సారలమ్మ అతని ముఖం మీదే ఒట్టేసి చెప్పింది, మా చెట్లకు చుక్క మందు తగల్లేదని.

ఆ ఒట్టు తడి ఆరకముందే ఏం జరిగిందో ఇక చూద్దాం.

దసరా ముందటి ముసురు. మధ్యాహ్నమే చీకటిగా ఉంది. హరిబాబు సిగ్నల్ కోసం ఫోను పైకెత్తుకుని, ఊరి పక్కనున్న పోలీసు క్యాంపు టవర్ వైపు నడిచాడు. సారలమ్మ లేచి గోదాంలోకి వెళ్లింది. ఏదో వెతుకుదామని కాదు, కళ్లనీళ్లు అతనికి కనబడకూడదని. మూలన ఒక్క సంచి మిగిలి ఉంది. లారీకెత్తిన రోజు కుట్లు తెగితే పక్కన పడేసిన సంచి అది. మన పువ్వులో ఏముందని వాళ్లను అంత బాధ పెట్టింది, అనుకుంటూ మూతి విప్పింది.

ఇప్పపువ్వు తీపి వాసన వెనకాలే ఇంకో వాసన ముక్కుకు తగిలింది. ఘాటుగా, పుట్టిన దగ్గర్నుంచి ఎరిగిన వాసన. చెయ్యి పెట్టి కెలికింది. పువ్వు మధ్యలోంచి చిన్న ముక్క ఒకటి వచ్చింది, దాని వెనకే ఇంకోటి. ముడుచుకుపోయి, అదే గోధుమ రంగులో, ఎండిన పువ్వులో పువ్వుగా కలిసిపోయి ఉన్నాయి. వస కొమ్ము.



వస అంటే మనకు తెలియనిదేముంది? పసిపిల్లకు మాటలు తొందరగా రావాలని అరగదీసి నాలుకకు చుక్క రాస్తాం. గలగలా వాగే పిల్లను చూసి వస పోశారా ఏమిటని నవ్వుతాం. ఈ అడవి ఊళ్లలో దానికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. గింజకైనా పువ్వుకైనా పురుగు పట్టకుండా వస ముక్కలు వేసి మూట కడతారు. వండుకునే రోజున మూట చాటలో పోసి, చెరిగి, ముక్కలన్నీ ఏరి పక్కన పెడతారు. పొరపాటున ఎక్కువ కడుపులోకి పోయిందా, పేగులు తిప్పి వాంతులు ఆగవు. ఈ సంగతి ఇక్కడ ఎవరూ ఎవరికీ నేర్పరు. చాట పట్టడం వచ్చిన పిల్లకు ఏరడం కూడా వచ్చేస్తుంది.

స్కాట్లాండ్‌లో చాట లేదు. మర ఉంది. సంచిలో ఉన్నదంతా పువ్వే అనుకుని ఫియోనా మరలో పోసింది.

సారలమ్మ ముక్కను గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చింది. చూరు కింద ఆమె అత్త పొజ్జే తాపీగా విస్తరాకులు కుడుతోంది.

"అత్తా, గిది సంచిల ఎవరేసిన్రు?"

"ఎవరేస్తరు? నేనే ఏసిన." పొజ్జే తల కూడా ఎత్తలేదు.

"సంచిల పువ్వు తప్ప ఏదీ ఉండొద్దని ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"చెప్పినవ్. చెప్పి నువ్వు జరమొచ్చి బీజాపూర్ దవాఖాన్ల పడుంటివి. ఈడ వాన ఇడవకుంట కొట్టె. లారీ రాకపాయె, ఓడ రాకపాయె. పువ్వుల తెల్ల పురుగు లేసింది. చూసుకుంట కూసోవాల్నా? ఫోన్ల ఆ తెల్ల పిల్ల నా బోసి నోరు చూసి ఎంత నవ్విందే! గా పిల్ల తినేది గదా, పురుగు పువ్వు ఎట్ల పంపుదు? ఒక్కో కొమ్ము ఇరిసి ఇరిసి ఏసిన."

నిజమే. ఆ పువ్వు ఎండాకాలంలోనే పోవలసింది. ఎక్కడో సముద్రంలో ఎవరి మీదో కోపంతో ఎవరో ఓడల మీద బాంబులు వేస్తున్నారట, ఓడలన్నీ చుట్టు తిరిగి పోతున్నాయట, ఆగమన్నారని హరిబాబు వచ్చి చెప్పాడు. ఆ సముద్రం ఏ దిక్కున ఉందో ఈ ఊళ్లో ఒక్కరికీ తెలియదు. వేసినవాడికి ఈ ఊరుందనీ తెలియదు. అక్కడ పడిన బాంబుకు ఇక్కడ సంచులు వానాకాలం దాకా కదల్లేదు.

"వాళ్లకు తెల్వదత్తా," అంది సారలమ్మ.

"ఏం తెల్వదు?"

"ఏరాలని."

పొజ్జే ముందు నవ్వింది. "ఏరకుంట వండుకుంటరే ఎవరన్న? గంత సదువుకున్నోళ్లు..." కోడలి ముఖం చూసి నవ్వు మధ్యలోనే ఆపేసింది. సూదిలా చెక్కిన వెదురు పుల్ల ఆకులో అలాగే ఉండిపోయింది. "ఆ పిల్లకేనా? వాంతులని మీరు అంటున్నది ఆ పిల్లకేనా బిడ్డా?"

సారలమ్మ తల ఊపింది. పొజ్జే రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. తన చేత్తో చేసిన మేలే విషమై పోయిందని ముసలిదానికి అప్పుడర్థమైంది.

అప్పుడే హరిబాబు బురదలో జారుతూ వచ్చాడు. "సారక్కా, సిగ్నల్ ఈడికి కూడ వస్తున్నది. ఆమె పొద్దుటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎత్తకపోతే మన మీదనే షక్ చేస్తరు. వచ్చినంక నువ్వు ఒక్కటే మాట చెప్పు. మేం ఏం కలపలే. అంతే."

సారలమ్మ గుప్పిట విప్పింది.

అతను ముక్కను చూశాడు, చటుక్కున క్యాంపు రోడ్డు వైపు చూశాడు, తన చేత్తోనే ఆమె వేళ్లు మూసేశాడు. "దిమాక్ ఖరాబైందా అక్కా? గది లోపల పెట్టు ముందు."

"అత్త ఏసిందన్నా. పురుగు పట్టకుండ."

"ఎవరన్న ఏయనీ. నువ్వు వస అంటవ్. వాళ్లు వస అని వింటరా? విషం అని వింటరు. విదేశపు పిల్లకు ఈ జాగ నుంచి విషం పోయిందని పేపర్ల ఎక్కుతది. జిల్లా నుంచి ఆఫీసర్లు జాంచ్‌కు వస్తరు. అసలే మన ఊళ్ల పేరు చెప్తే ఎట్ల చూస్తరో నీకు తెల్వదా? ముసలామెను జీపెక్కిస్తరు. లక్మాను ఎక్కించిన్నాడు ఎవరన్న ఆగి అడిగిన్రా, నువ్వు చేసినవా లేదా అని?"

ఆ పేరు ఎత్తకుండా ఉండవలసింది. లక్మా ఆమె పెనిమిటి. ఎవరో ఎక్కడో రోడ్డు తవ్వితే, ఆ పూట ఆ దారిన పోతున్న పాపానికి క్యాంపు పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. సంబంధం లేదని తేలి తిరిగొచ్చేసరికి మనిషిలో మనిషి మిగల్లేదు. ఇప్పటికీ మోటారు చప్పుడైతే ఇంటి వెనక చేనులోకి వెళ్లి నిలబడతాడు. ఇప్పుడూ అక్కడే, వానలో, హరిబాబు బండి చప్పుడు విన్నప్పటి నుంచి నిలబడి ఉన్నాడు. భయం అంటే ఏమిటో సారలమ్మకు ఎవరూ వివరించనక్కర్లేదు. అత్త ఎముకలు జీపు కుదుపుకే విరుగుతాయి.

"చెప్పకపోతే పిల్లకేమైతదన్నా?"

"పెద్ద పెద్ద డాక్టర్లున్నరు ఆడ. వాళ్లు చూస్కుంటరు."

"కడుపులకు ఏం పోయిందో తెల్వకుంట ఏం చూస్కుంటరు?"

హరిబాబు చెమటో వానో తుడుచుకున్నాడు. "నాకూ ఇద్దరు పిల్లలున్నరు అక్కా," అన్నాడు, అదేదో జవాబైనట్టు.

ఫోను మోగింది.

తెర మీద ఫియోనా ముఖం. ఎండల్లో వలల కింద నిలబడి సారలమ్మ పువ్వు రాలడం చూపిస్తే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టిన ముఖం అది. ఊళ్లో ఆడవాళ్లంతా పియోనమ్మ అని పిలిచి నవ్వుకున్న ముఖం. ఇప్పుడు గుర్తు పట్టడమే కష్టం. జుట్టు చెదిరి, కళ్లు వాచి, ఏదో అంటోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కావలసినదంతా ఆమె వెనకాల మంచం మీద ఉంది. గొట్టాల మధ్య, తెల్లటి దుప్పటి కింద, చిన్న ముఖం.

కూలిన మనిషి లేస్తే ఎలా లేస్తుందో అలా పొజ్జే గోడ పట్టుకుని లేచింది. "చెప్పు బిడ్డా. నన్ను తీస్కపోతే తీస్కపోనీ. జీపు నేనెక్కుత. గా పసిదాని పీక మీద కాలేసి నేనెన్ని దినాలు బతుకుత?"

"ఊకో అవ్వా!" హరిబాబు పళ్ల మధ్య నుంచి అన్నాడు.

తెర మీద ఇంకో ముఖం వచ్చింది. నీలం బట్టలు, మెడలో ఆస్పత్రి కార్డు, చామనఛాయ. "అమ్మా, నమస్తే. నేను ఇక్కడ నర్సును. నా పేరు నాగలక్ష్మి. మాది కొత్తగూడెం. మీకు తెలుగు వస్తుందని చెబితే నన్ను పిలిచారు. వినపడుతుందా?"

ఇంద్రావతి అవతల గట్టు నుంచి ఎవరో కేకేసినట్టుంది ఆ గొంతు. సారలమ్మకు అంతవరకు బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "ఇనపడుతున్నది బిడ్డా."

"ఏడవకండమ్మా. పాప పరిస్థితి ఏమీ బాగాలేదు. పురుగుమందు అనుకుని ఐసీయూలో పెట్టి చూస్తున్నారు. పరీక్షల్లో ఏదీ తేలడం లేదు. పువ్వులో ఏదైనా కలిసిందా? ఏదైనా సరే చెప్పండి. మీ మీద తప్పు పెట్టడానికి అడగట్లేదు."

హరిబాబు తల అడ్డంగా ఊపుతున్నాడు. సారలమ్మ అతని వైపు చూడలేదు. చేను వైపు చూసింది. వానలో లక్మా తల కనబడుతోంది. క్షమించమని లోపల్లోపల అతనికే దణ్ణం పెట్టుకుని, గుప్పిట విప్పి ముక్కను ఫోను ముందు పెట్టింది.

"వస, బిడ్డా. పురుగు పట్టొద్దని మా అత్త ఏసింది. మేం ఏరి వండుకుంటం. ఏరాలని మీకు చెప్పాలని మాకు తోచలే. మాదే తప్పు."

"వసా? వస కొమ్మా?" నాగలక్ష్మి గొంతు మారిపోయింది. "మా అమ్మమ్మ నాకు నాకించేది కదమ్మా! మా ఇంట్లో పప్పు డబ్బాల్లో కూడా వేసేవాళ్లు. అయ్యో దేవుడా, ఇంతేనా!" పక్కకు తిరిగి ఇంగ్లీషులో గబగబా చెప్పింది. డాక్టరు కాబోలు, తెల్ల కోటు ఒకటి కదిలింది. మళ్లీ తిరిగింది. "వాంతులు వస వల్లే అయితే భయం లేదమ్మా. ఒంట్లోంచి పోయేదాకా నీళ్లు ఎక్కించి చూసుకుంటే చాలంటున్నారు. వేరే ఏమీ లేదు కదా? వస ఒక్కటే కదా?"

సారలమ్మ నోరు తెరిచేలోగా హరిబాబు ఫోను మీదికి వంగాడు. "అవును సిస్టర్. వసే. ఇంకేం లేదు. ఒక్క వసే."

అంతవరకు చెప్పొద్దని ప్రాణం తీసిన మనిషి. ఇప్పుడు వాన తెరిపిచ్చినట్టు అతని ముఖం తేటపడింది. సారలమ్మ అది గమనించింది గానీ, ఆ ఘడియలో దాని గురించి ఆలోచించే ఓపిక ఆమెకు లేదు.

"అయితే పాపను ఐసీయూ నుంచి కింద మామూలు వార్డుకు దించుతామంటున్నారు. మీరు చెప్పి మంచి పని చేశారమ్మా, ఫియోనా మీకు..." మాట మధ్యలో తెర ఆగిపోయింది. నాగలక్ష్మి నోరు సగం తెరిచి అలాగే నిలిచింది, తర్వాత అదీ పోయింది. టవర్ మీది ఎర్ర దీపం ఆరిపోయింది. కరెంటు పోయినట్టుంది.

హరిబాబు ఫోను జేబులో వేసుకున్నాడు. "సరే అక్కా. అయిపోయింది గదా. జాంచ్ వస్తే నేను మాట్లాడుత. ఫికర్ చేయకు." అంటూనే బండి దగ్గరికి నడిచాడు. అంత తొందరేమిటో!

సారలమ్మ గోడకు చేరగిలబడింది. భయం పోలేదు. రేపు జీపు వస్తుంది, వచ్చి తీరుతుంది. అయినా గుండెల మీది రాయి కొంత పక్కకు జరిగినట్టుంది. ఆ పిల్ల బతుకుతుంది.

పొజ్జే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "సల్లగుండాలె తల్లి. మరి ఆ గోళీలతోని ఏం కాదు గదా బిడ్డా?"

"ఏం గోళీలత్తా?"

"గవే, తెల్ల గోళీలు. వస కొన్ని సంచులకే సరిపాయె. కొత్తది తవ్వుకొద్దామంటే వాగు నిండ పారుతుండె. హరిబాబుకు చెప్తే గోళీలు తెచ్చిచ్చిండు. చెమ్మ గుంజుకుంటయ్, పురుగుండదు, ముక్కు దగ్గర పెట్టకు అన్నడు. గుడ్డ పేలికల్ల కట్టి మిగిలిన సంచులల్ల ఒక్కోటి పెట్టిన. లారీ రోజు తనే తీసేస్తనన్నడు. తీసిండు గద?"

గోదాం గోళీలు. బియ్యం నిల్వల్లో పురుగు చావడానికి పెట్టే మందు. దాని ఊపిరి తగిలితేనే మనుషులు చచ్చిపోతారు. ఆ పేరెత్తితే ఈ ప్రాంతంలో అప్పుల పాలైన మిర్చి రైతుల ఇళ్లు వణుకుతాయి, ఎందుకో చెప్పనక్కర్లేదు. సారలమ్మకు చెవుల్లో వాన చప్పుడు కూడా వినిపించలేదు. వానలోకి పరిగెత్తింది. బండి వెనక చక్రం బురదలో తిరుగుతోందే గాని కదలడం లేదు. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుంది.

"గోళీలు తీసినవా?"

హరిబాబు బండి ఆపేశాడు. అబద్ధం ఆడదామనుకున్నాడు, పాపం, పెదాలు కదిలాయి కూడా.

"తీసినవా అన్నా?"

"పై సంచులల్లయి తీసిన అక్కా. ఓడ దొరికిందని ఒక్కసారే ఫోన్ వచ్చింది. డ్రైవర్ బండి స్టార్ట్ చేసి కూసున్నడు. అడుగు సంచులు అప్పటికే లోడైనయ్. అవి కరిగిపోయుంటయ్‌లే, వాళ్లు చూసి తీసేస్తర్లే అనుకున్న..."

తీసేస్తర్లే. అత్త అనుకున్నదీ అదే. ఒకే మాట ఇద్దరూ అనుకున్నారు. ఒకరు తెలియక, ఇంకొకరు తెలిసి.

"వస ఒక్కటే అని చెప్పినం," అంది సారలమ్మ. "నేను చెప్పిన. నా మాట నమ్మి పిల్లను కిందికి దించుతున్నరు."

"నేను జైలుకు పోత అక్కా! నా పిల్లలు..."

"ఫోన్ ఇయ్యి."

"సిగ్నల్ లేదు."

"నంబర్ చెప్పు. క్యాంపుల అడిగి చేపిస్త. వాళ్ల కాళ్లు మొక్కుత." లక్మాను జీపెక్కించిన వాళ్ల ముందుకు తన కాళ్లతో తాను వెళతానని సారలమ్మ అంటుందని ఆ ఉదయం ఎవరైనా చెబితే ఆమే నమ్మేది కాదు. చేనులోంచి లక్మా బయటికొచ్చాడు. ఎప్పుడు వచ్చాడో, మోటారు ఆగిన బండికి రెండు అడుగుల్లో నిలబడి ఉన్నాడు.

అప్పుడు టవర్ మీద ఎర్ర దీపం వెలిగింది. హరిబాబు చొక్కా జేబులో ఫోను మోగింది.

ముగ్గురూ ఆ జేబు వైపే చూశారు. తెగిన ఫోను మళ్లీ కలిపి చూస్తోంది నాగలక్ష్మి. హరిబాబు ఫోను బయటికి తీశాడు. పక్కనే, ఊరి దారిలోని వంతెన కింద వాగు నిండుగా పారుతోంది. ఫోను అందులో పారేద్దామా అన్నట్టు అతని చూపు ఒక్కసారి అటు పోయింది. సారలమ్మ అతని మణికట్టు పట్టుకుంది. అతను గుంజుకున్నాడు. తడిసిన తెర మీద ఇద్దరి వేళ్లూ ఒకదాని మీద ఒకటి జారాయి.

రింగు ఆగిపోయింది. కలిసిందో, తెగిందో, ఇద్దరికీ తెలియలేదు. గడప మీద నిలబడి పొజ్జే మాత్రం ఆ ఫోను కేసి చేతులు చాచి, ఊరంతా వినపడేలా అరుస్తోంది.

"పిల్లను దించకున్రి! అయ్యల్లారా, పిల్లను దించకున్రి!"